ఆదివారం నీళ్లు

నీటి పరీక్షల ఆఫీసు గోడకి అక్కడ పనిచేసే అమ్మాయి కాగితం అంటించి వెనక్కి తిరిగింది. చేపలమ్మే పెద్దమ్మ ఆమె కాళ్ల ముందు గంప బోర్లించింది. గంపెడు చచ్చిన చేపలు.

"కాగితంలో ఏం రాసుంది తల్లీ?"

"చెరువు నీళ్లు బాగున్నాయని."

"అయితే ఇవి నిద్రపోతున్నాయంటావు."

అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంట్లో నలుగురికి అదే ఆధారం. రెండేళ్లుగా ప్రతి సోమవారం పొద్దున పదింటికి కాలువలో, చెరువులో సీసాలు ముంచేది. ఆ వేళ అద్దకం మిల్లుకీ తెలుసు. సోమవారం కాలువలోకి వదిలే దాని గొట్టం ఎండి ఉండేది. ఆఫీసుకి సెలవైన ఆదివారం మధ్యాహ్నం మాత్రం కాలువ నల్లగా పొంగి చెరువులో కలిసేది. ఆదివారం వెళ్తానని అడిగితే అధికారి, "ఉద్యోగం మొహం మొత్తిందా?" అన్నాడు.

ఆ సంగతి ఆమె చెరువు గట్టు మీద జనానికి చెప్పింది. ఆదివారం జనమే నీళ్లు పట్టారు. దగ్గుమందు సీసాల్లో, తలనూనె సీసాల్లో, కిరసనాయిలు సీసాల్లో. మర్నాడు అధికారి ఒక్కొక్కటీ వాసన చూసి తోసేశాడు.

"ఇది మిల్లు నీళ్లా, నీ దగ్గా?"

"చదువుకున్నవాళ్లతో మనకెందుకు?" అని రిక్షా అన్న గొణిగాడు.

"వల వెయ్యడం పుడుతూనే నేర్చుకున్నామా?" అంది పెద్దమ్మ. "ఎలా పట్టాలో చెప్పవే అమ్మాయ్."

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అయినా చెప్పింది. కొత్త సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలి. గాలి లేకుండా నింపాలి. వేళ రాసి, చూసినవాళ్లు వేలిముద్ర వెయ్యాలి. తర్వాతి ఆదివారం ముప్పైమంది గట్టు పొడవునా నిలబడి, ఆమెతో కలిసి నీళ్లు పట్టారు.

అధికారి ఆ సీసాల మూతలైనా తియ్యలేదు. అమ్మాయి చేతిలో తొలగింపు కాగితం పెట్టాడు. "ఆదివారం నువ్వు ఆఫీసు మనిషివి కావు. ఈ నీళ్లు చెల్లవు."

"మరి మీరో బాబూ?" అంది పెద్దమ్మ.

"నేనెప్పుడూ ఆఫీసర్నే."

ఆ మాట అందరూ విన్నారు. మరుసటి ఆదివారం రెండొందల మంది ఆయన ఇంటి ముందు బైఠాయించారు. కేకల్లేవు, రాళ్లు లేవు. ఎవరూ లేవలేదు, అంతే. మధ్యాహ్నానికి ఆయన వాళ్ల మధ్య నడుస్తూ కాలువకి వచ్చాడు.

గొట్టం నల్లగా కక్కుతోంది. కళ్లు మండుతున్నాయి. అమ్మాయి సీసా అందించింది.

"గ్లవ్స్ ఏవి?" అన్నాడు అధికారి.

"ఆఫీసు ఎప్పుడూ ఇవ్వలేదండి."

అప్పుడే పోలీసు జీపు వచ్చి ఆగింది. "జనాన్ని రెచ్చగొట్టింది నువ్వేగా? ఎక్కు," అన్నాడు ఎస్సై. అమ్మాయి జీపు వైపు అడుగేసింది. పెద్దమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కుతుంది బాబూ. పక్కన మేమూ ఎక్కుతాం. ముందు ఈయన్ని నీళ్లు ముంచనివ్వండి."

ఎస్సై చుట్టూ చూశాడు. జీపుకి ముందూ జనమే, వెనకా జనమే. వాళ్లు పోలీసుల లాఠీల వైపు చూశారు గానీ ఒక్కరూ కదల్లేదు.

అధికారి చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు.