సాలమ్మ సామెత

చిల్కానగర్‌ల సాలమ్మ నోరు తెరిస్తే సామెత అనకుంట మూసేది కాదు. కోడలు దీపకు ఈ తొమ్మిదేండ్ల కాపురంల ఎన్ని తగిలినయో లెక్క లేదు. నాచారంల మందుల కంపెనీల ప్యాకింగ్ పని జేసి జర ఆలస్యంగ ఇంటికొస్తే ఒకటి, పండుగకు చీర కొనుక్కుంటే ఇంకొకటి. ఈ ముసల్దాని నోరు ఒక్క దినమన్న ఊకుంటే బాగుండని దీప శానసార్లు అనుకున్నది, దాచుడెందుకు.

ఆ నోరే పడిపోయింది. మూడు నెలల కింద పక్షవాతమొచ్చింది. కుడిచెయ్యి జర తిరిగొచ్చింది గని మాట రాలే. గ్లాసు సూపిస్తే అదేందో ఎరుకే, పేరు మాత్రం నాలుక మీదికి రాదు. "ఆ... ఆ..." అనుకుంట కండ్లల్ల నీళ్లు తీస్తది. తను మనసుల అనుకున్నదే నిజమైందని దీప కుమిలిపోయింది. అత్తమ్మ మల్ల మాట్లాడాలె, అంతే, ఇంకేం వద్దు.

ఏఎస్ రావు నగర్‌ల ధనశ్రీ అనే మేడం ఇసుమంటోళ్లకు మాటలు నేర్పుతది. వారానికి రెండుసార్లు సాలమ్మను కూసోబెట్టి బొమ్మలు సూపిస్తున్నది. ఒకనాడు పక్కన కూసున్న దీపకు ఓపిక నశించి, బొమ్మల పుస్తకం పక్కకు నూకి, ఊకెనే అన్నది:

"అత్త లేని కోడలు ఉత్తమురాలు..."

సాలమ్మ తల ఎత్తింది. "కోడలు లేని అత్త గుణవంతురాలు," అన్నది, ఎక్కడ తడబడకుంట.

దీపకు పట్టరాని సంబురం. ఇంటికొచ్చి నోటుబుక్కు నిండ సగం సగం సామెతలు రాసింది. మొగడు దయాకర్ తల్లి ముంగట కూసోని అందిచ్చేటోడు. "కూసోని తింటే..." అంటే, "గుట్టలైన కరుగుతయ్," అనేది సాలమ్మ.

ధనశ్రీ గూడ సంతోషపడ్డది గని ఉన్నదున్నట్టు చెప్పింది. "అక్కా, ఇవి అలవాటు కొద్ది వచ్చేటియి. ఎవ్వరు అందియ్యకుంట, సందర్భం జూసి ఆమెనే ఒకటి అన్ననాడు మాట తిరిగొస్తున్నదనుకోవాలె. ఇంట్ల ఆమెతోని ఎట్లుంటున్నరు?"

"మస్తు మంచిగుంటున్నం మేడం. ఏదన్న సరే అంటున్నం, చిన్నపిల్లతోని మాట్లాడినట్టు."

"ఎదురు మాట పడితెనే గద మాటొచ్చేది. మునుపటి లెక్కనే ఉండున్రి."

ఉండుమంటే ఉంటరా? మంచంల ఉన్న మనిషితోని పేచీ ఎట్ల పెట్టుకుంటరు? వారం గడిచింది. సాలమ్మ సామెతలు ఒప్పజెప్తున్నది గని సొంత మాట ఒక్కటి లేదు. దీప ఆశ సగం చచ్చింది.

ఆదివారం పొద్దున పప్పు అడుగంటి ఇల్లంత మాడు వాసన గొట్టింది. ఫోన్ల ముచ్చట్ల వడి పొయ్యి సంగతి మర్సింది దీపనే. మొగడు అడిగితే ఒప్పుకుంటదా?

"ఈ కుక్కరే ఖరాబున్నది. మీ అమ్మ కొన్నదే గద, అడుగు పల్సగున్నది," అన్నది. అన్నంక గని, అత్త ఇంటున్నదని సోయికి రాలే.

సాలమ్మ కోడలి దిక్కు ఎగాదిగ చూసింది. పెదవులు రెండుసార్లు కదిలినయ్.

"ఆడ... ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట."

ఎవ్వరు అందియ్యలే. మునుపైతే గీ మాటకు దీప రెండు దినాలు మూతి ముడ్సుకునేది. ఇప్పుడు కుక్కర్ అక్కడ్నే వదిలేసి ఫోన్ అందుకున్నది. ఏడుపు, నవ్వు రెండు ఒక్కపారే వస్తున్నయ్.

"మేడం," అన్నది ధనశ్రీతోని, "మా అత్తమ్మ నన్ను తిట్టింది."