మిల్లు కూత

ప్రయాణమై పోయేవాళ్ళకి ‘వెళ్ళి రా’ అనే మాట గడప లోపల చెప్పకూడదని కూర్మమ్మ నమ్మకం. బండి ఎక్కబోయే ముందు, మొహంలోకి చూసి చెప్పాలి. ముప్పై ఏళ్ళ కిందట మొగుడు రంగూను బయల్దేరినప్పుడు ఆమె గంజి వారుస్తూ ఉండిపోయింది. వీధిలోకి వచ్చేసరికి అతని వీపే కనిపించింది. ఆ తర్వాత అదీ కనిపించలేదు.

అందుకే రాత్రి దేవమణి ఇంట్లో ఎంతసేపు కూర్చున్నా ఆ మాట అనలేదు. “రేపు టేసన్లో సెప్తానే” అంది.

కూర్మమ్మని అక్క వరసలో ‘అప్పా’ అని పిలిచే దేవమణి నవ్వింది. “రెండు గంటల పెయానం అప్పా! రంగూనేటి? ఇశాపట్నమే.”

“అందరూ ఇలాగే అంటారు. ఎల్లినోళ్ళు ఒకళ్ళైనా తిరిగొచ్చారేటే?”

గోనె మిల్లులో ఇద్దరూ ఇరవై రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని సంచులు కుట్టారు. మిల్లు మూతపడి ఇరవై రోజులైంది. దేవమణి మొగుడు ఏసుదానానికి విశాఖ రేవులో పని దొరికింది. చదువుకనీ, సంగీతానికనీ ఎక్కడెక్కడి వాళ్ళో విజయనగరం వచ్చిన రోజులు కూర్మమ్మకి గుర్తే. ఇప్పుడు మూడు లాంతర్ల కూడలిలో ఎవరిని కదిపినా రేవు మాటే. పేటలో ఏ వీధి చూసినా రెండు మూడు తాళాలు.

తెల్లారగట్లే లేచి, నువ్వులుండలు మూటగట్టి, కూర్మమ్మ అరుగు మీద కూర్చుంది. ముసురు పట్టి పొద్దు తెలియడం లేదు. ఆ పేటలో గడియారం ఎవరికీ లేదు, అవసరమూ పడలేదు. మిల్లు మొదటి కూతకి పొయ్యి రాజేసేవారు, రెండో కూతకి బయల్దేరేవారు. రెండో కూతకి లేస్తే బండి అందుతుంది. ఇంకా మొదటిదే పడలేదు. టైముందిలే అనుకుంది.

పాల దాలమ్మ బిందెతో వస్తూ ఆగింది. “ఇంకా ఇక్కడే ఉన్నావేటే? దేవమణిని సాగనంపడానికి ఎల్లనేదా?”

“కూత పడనీ, ఎల్తాను.”

“మిల్లు మూసీసినాక కూతేటే, ఎర్రిమొకమా!”

కూర్మమ్మ మూట చంకన పెట్టుకుంది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. కోట కందకం పక్కన ఒకసారి జారిపడి, లేచి, మళ్ళీ పరుగెత్తింది.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. పేటవాడే, కూలీ అప్పలసూరి, తడిసిన బెంచీ తుడుస్తున్నాడు.

“ఎల్లిపోనాదే అప్పా. ఈల ఊదినా ఎక్కదే! ఏసుదానం రెక్కట్టుకు లాగాడు.”

“ఏటందిరా?”

“‘అప్ప కూత కోసం సూస్తాది కాబోలు. నానూ పొద్దున్న అలాగే కూకున్నాను’ అని ఏడ్సింది.”

కూర్మమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. పట్టాల వైపు చూసింది గాని ఆ మాట మాత్రం అనలేదు. వీపుకి చెప్పే మాట కాదది.

“ఇశాపట్నానికి మల్లీ పదకొండింటికి బండుంది. ఎక్కుతావేటి? అక్కడే సెప్పీయొచ్చు” అన్నాడు అప్పలసూరి.

ఎక్కుదామనే అనుకుంది. చీర కొంగు బిగించింది కూడా. అంతలో, బండి కదిలేటప్పుడు తన మొహంలోకి చూసి ‘వెళ్ళి రా’ అనడానికి ఊళ్ళో ఎవరున్నారా అని ఆలోచించింది. తనవాళ్ళనుకున్న ఇల్లిల్లూ తలుచుకుంటూ మనసులోనే పేటంతా తిరిగింది. ఎక్కడికక్కడ తాళాలే తగిలాయి.

అప్పలసూరి జవాబు కోసం నిలబడే ఉన్నాడు.