మగ్గం ముందు రెండో చోటు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, వరంగల్ కొత్తవాడలో మా ఎదురింటి మొగిలయ్య కవల పిల్లలిద్దరూ ఏడో తరగతి తప్పారు. అరగడియ ముందు పుట్టినందుకు లక్ష్మీనారాయణ అన్న, యాకమ్మ చెల్లె. లెక్కల్లో వాడికి వచ్చిన సున్నాలు కుండలో పోస్తే మూత పట్టేది కాదు. చెల్లెవి కాస్త తక్కువ, మూత పట్టేది.

బడి ఇద్దరికీ ఒకే రోజు ముగిసింది. పని మాత్రం కొడుక్కే దొరికింది. మొగిలయ్య తెల్లారేసరికి వాణ్ణి మా వీధిలోనే జంపఖానాలు నేయించే వెంకట్రాజం షెడ్డుకు తీసుకుపోయి మగ్గం ముందు కూర్చోబెట్టాడు. యాకమ్మ ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. పాలపళ్లు ఊడకముందు నుంచీ ఆ షెడ్డు మూలన నూలు కండెలు చుడుతూనే ఉంది గదా! దాన్ని పని అన్నవాళ్లే లేరు. తనకూ మగ్గం నేర్పమని అడిగితే, ఆడపిల్ల మగవాళ్ల భుజం రాసుకుని కూర్చుంటుందా అని షెడ్డంతా నవ్వింది.

పెద్ద జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పోగు వేసిన ప్రతిసారీ పంజా అనే ఇనుప దువ్వెనతో దెబ్బ వేయాలి. ఇద్దరి దెబ్బా ఒక్కలా పడాలి. లక్ష్మీనారాయణ దెబ్బకు ఖిలా వరంగల్ రాతి తోరణాలు ఉలిక్కిపడేవి. పక్కన కూర్చునే కట్టయ్య దెబ్బకు వాలిన ఈగ కూడా లేచేది కాదు. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు. మట్టెవాడలో షామియానాలు అద్దెకిచ్చే మహమూద్ కోసం నేసింది పరిచి చూస్తే అరటిపండులా వంగింది. దీని మీద బంతి కూర్చుంటే మగపెళ్లివారి చేతులు ఆడపెళ్లివారి విస్తళ్లలో పడతాయని మహమూద్ తిప్పి పంపాడు. పెళ్లిళ్లలోపు మరొకటి ఇవ్వకపోతే ఇక ఈ షెడ్డు ముఖం చూడనన్నాడు.

వెంకట్రాజం కట్టయ్యను మార్చాడు. వచ్చినవాణ్ణీ మార్చాడు. దెబ్బ కలవలేదు. అప్పుడు యాకమ్మ కండెలు పక్కన పెట్టి లేచింది.

"మామా, అన్న పక్కకు నేను కూసుంట."

"అది ఆడోళ్లు కూసునే జాగనా, బిడ్డా?"

"ఇంట్ల ఒక్క రోట్ల ఇద్దరం రెండు రోకళ్లేసి దంచుతం. ఆడ తప్పుగాంది ఈడెట్ల తప్పయితది? అన్న చెయ్యి ఎప్పుడు పడుతదో కండ్లు మూసుకున్నా నాకెరుకే."

వెంకట్రాజం, కొడుక్కి సద్ది తెచ్చి నిలబడ్డ మొగిలయ్యను చూశాడు. మొగిలయ్య నేలను చూశాడు. వాళ్ల చూపులు తెమిలేలోగా పిల్ల వెళ్లి కూర్చుంది.

మొదటి జానెడు వంకర పోయింది. విప్పి మళ్లీ నేసింది. సాయంత్రానికి రెండు పంజాల చప్పుడు ఒక్కటైపోయి, లోపల ఒక్కరే నేస్తున్నారని వీధిలోవాళ్లు అనుకున్నారు. ఆ జంపఖానా అంచు పట్టుకుని పరకాల దాకా తిన్నగా రోడ్డు వేయొచ్చంటే మీరు నమ్మరు, నమ్మకండి. మహమూద్ మాత్రం చూసి, మారుమాట లేకుండా బండికెత్తించుకున్నాడు.

గండం గడిచాక వెంకట్రాజం కొత్త మగమనిషిని తెచ్చి, యాకమ్మను కండెల దగ్గరికి పొమ్మన్నాడు. ఆమె కదలలేదు.

"ఆయనకు ఇంకో మగ్గం సూపియ్యి మామా. ఇది నాది."

లక్ష్మీనారాయణ పంజా కింద పెట్టేశాడు. చెల్లె లేస్తే తానూ లేస్తానన్నాడు. షెడ్డు ఎంత నిశ్శబ్దమైందంటే, వెంకట్రాజం గడ్డం గోక్కోవడం వీధి ఇవతల నాకు వినబడింది. ఆఖరికి ఆయన కొత్త మనిషిని వేరే మగ్గానికి తీసుకుపోయాడు.

మరుసటి ఏడు ఏడో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ముగ్గురు ఆడపిల్లలు షెడ్డు ముందు నిలబడ్డారు, మగ్గం నేర్పమని. తప్పిన ఇద్దరిని యాకమ్మ లోపలికి పిలిచింది. పాసైన మూడోదాన్ని మాత్రం పంజా చూపించి బడిదాకా తరిమింది.