దేవదాసు రాసిన రాహుకాలం

మిర్యాలగూడలో లక్ష్మయ్య సేటు రైసు మిల్లుకు కంప్యూటర్ వచ్చిన ఏడు, వడ్ల బండ్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. చేత్తో చీటీలు రాసిన రోజుల్లో ఇంత ఆలస్యం లేదు. ఇప్పుడు కాటా అయ్యాక నేను బరువును కంప్యూటర్లో కొట్టి, చాయ్ తాగి, గ్లాసు కడిగి వచ్చినా చీటీ బయటికి రాదు. చీటీ లేనిదే బస్తా లోపలికి పోదు.

ప్రోగ్రాం రాసింది కోదాడ దేవదాసు. మంచివాడే, కానీ తన తెలివి అంటే తనకు మహా ముద్దు. తేమకు తరుగు తీసే లెక్కే అన్నిటికన్నా బరువైనదని నమ్మి, రోజుల తరబడి దాన్నే చెక్కాడు. చీటీలో చలనం లేదు.

ఆ గురువారం పొద్దున్నే మబ్బు పట్టింది. వరుస చివర త్రిపురారం తండా మోతీబాయి, బండి మీద కప్పడానికి పట్టా కూడా లేక ఆకాశం వంక చూస్తోంది. వాన పడితే ఆమె పంట మొలకెత్తి పోతుంది. నాకు ఒళ్లు మండింది.

"నీ ఊహలు పక్కకు పెట్టు. అది నడుస్తుండంగనే ఆపి సూద్దాం, ఏడ తిరుగుతున్నదో" అన్నాను దేవదాసుతో.

ప్రోగ్రాం నడుస్తుండగా బ్రేక్ మీట నొక్కితే, ఏ వాక్యం దగ్గర ఆగిందో తెర మీద పడుతుంది. ఎప్పుడు పడితే అప్పుడు నొక్కాను. నొక్కిన ప్రతిసారీ ఒకే చోట దొరికిపోయింది: రాహుకాలం చూసే ముక్కలో.

రాహుకాలంలో గింజ లోపలికి రాకూడదని సేటు నియమం. చర్చిలో పాటలు పాడే దేవదాసు మన రాహువును మహా భక్తిగా రాశాడు. ఇవాళ ఏ వారమో తెలియడానికి పంతొమ్మిది వందల సంవత్సరం జనవరి ఒకటి నుంచి ఒక్కో రోజే లెక్కపెట్టుకుంటూ వస్తాడు. నిజాం పోయి, సాగర్ కట్టి, కాలువలకు నీళ్లు వదిలి, అప్పుడు గానీ ఇవాళ్టికి చేరడు. అదీ ప్రతి బండికీ.

"బండి బండికీ వారం మారదు కదా తారక్కా" అని తనే నాలుక కరుచుకున్నాడు. ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కసారే లెక్కపెట్టి గుర్తుంచుకునేట్టు మార్చాడు. చీటీలు చకచకా వచ్చాయి, వరుస కరిగింది.

మోతీబాయి బండి కాటా ఎక్కేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. గురువారం రాహుకాలం మొదలయ్యేది అప్పుడే. బరువు కొట్టానో లేదో, చీటీ లేదు పొమ్మంది యంత్రం. ఇంతకుముందు నిదానంగా కాదనేది, ఇప్పుడు ఠక్కున కాదంటోంది. మేము సాధించిన మెరుగు అది.

మూడు దాటాక రమ్మన్నాడు సేటు.

"వాన మూడుదాక ఆగుతదా సేటూ?" అంది మోతీబాయి.

రేకుల మీద లావు చినుకులు రెండు పడ్డాయి.

నేను కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఆ పాత డబ్బాలో గడియారం నిలవదు, వేసినప్పుడల్లా తేదీ, టైము మనల్నే అడుగుతుంది. అడిగింది. మూడుంబావు అని చెప్పాను. దేవదాసు కళ్లు మూసుకున్నాడు, ప్రార్థనో సిగ్గో తెలియదు. రాహువు లెక్క పూర్తయ్యేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. చీటీ వచ్చింది.

సేటు చీటీ మీది టైము చదివాడు. చేతి గడియారం చూసుకున్నాడు. మోతీబాయిని చూశాడు. తర్వాత మెల్లగా గడియారం కీ లాగి, ముల్లును మూడుంబావుకు తిప్పుకున్నాడు. ఆ మొండి మనిషి మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టింది.

"నా గడియారం ఎనకబడ్డది" అన్నాడు హమాలీలతో. "సూస్తరేంది, బస్తాలు లోపలెయ్యుండ్రి."