ఎనిమిది సెంటీమీటర్ల తేడా

తవ్వకాలకు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటిరోజు నేర్పేది తవ్వడం కాదు, కొలవడం. గుంట మూలన ఒక ఇనపమేకు దిగేస్తారు. దాని మెడకు దారం కట్టి, దారం నడుమ నీటిబుడగ గొట్టం తగిలించి, బుడగ నట్టనడిమికి వచ్చేదాకా బిగపట్టి, అక్కణ్ణించి కిందికి టేపు వదులుతారు. పెంకు దొరికినా, పూస దొరికినా, చిటికెడు బూడిద కనిపించినా, మేకు మట్టానికి ఎంత లోతున ఉందో పుస్తకంలోకి ఎక్కాలి. ఎక్కకపోతే అది వట్టి పెంకు. చెత్తకుప్ప మీద దొరికిన దానికీ దానికీ తేడా లేదు.

ఆ పనిలో తాతగారిని కొట్టేవాడు లేడు. తాతగారంటే ముసలాయనేమీ కాదు, ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. టేపు వదిలి, చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, అప్పుడు గానీ పెన్సిలు తీసేవాడు కాదు. "తాతగారూ, ఈ అంకె రాసేలోపు ఇంకో వెయ్యేళ్ళు గడిచి మనమూ పెంకులైపోతాం!" అని పక్క గుంటలోంచి రేడియో అరిచేవాడు. నోరు మూతపడని ఆ పిల్లాడికి ఆ పేరు పెట్టిందీ తాతగారే. తాతగారి నాన్న దర్జీ. అందుకని, ఉయ్యాల్లో ఉన్నప్పుడే వీడు తన పొడుగు తనే కొలుచుకున్నాడని రేడియో ప్రచారం.

అతని జంట మటుకు ఒక్క క్షణం కాలు నిలవని పిల్ల. అందరూ హడావిడి అనేవారు, చివరికి హాజరు పట్టీలో కూడా అదే పడింది. తను తవ్వేది, అతను కొలిచేవాడు. ఒక వేసవంతా అలా ఒకే గుంటలో మట్టి తిన్నారు.

అది నిరుటి మాట. ఈ వేసవికి తాతగారు లేడు. వానాకాలం చివర్లో కామెర్లు వచ్చి, పదిరోజుల్లో పోయాడు.

హడావిడి ఈసారి పరిశోధన విద్యార్థినిగా వచ్చింది. పాత గుంట నివేదిక రాసే పని తవ్వకాలు నడిపించే మేడమ్ తనకే అప్పగించింది. "ఆ చివరి రెండువారాల లెక్కలు మాత్రం వదిలెయ్. పనికిరావు" అంది. కొలతల పుస్తకం అట్ట మీద ఎర్రసిరాతో మేడమ్ రాసిన మాట కూడా అదే: చివరి రెండువారాల కొలతలు వాడరాదు.

కథ నిరుడు ఇలా జరిగింది. గుంట పడమటి సగంలో సున్నం పూసిన పాత ఇంటి నేల ఒకటి నూట పన్నెండు సెంటీమీటర్ల లోతున తేలింది. పదిహేనురోజుల తర్వాత తూర్పు సగంలోనూ నేల తేలింది. తాతగారు కొలిస్తే నూట నాలుగు వచ్చింది. మేడమ్ మొహం వెలిగిపోయింది. ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తులో రెండో నేల అంటే, ఇల్లు పాడుపడ్డాక ఎవరో మళ్ళీ వచ్చి కట్టుకున్నారన్నమాట. ఊరుకోలేక సర్వే చేసే ఓ పెద్దాయన్ని పిలిపించింది. ఆయన ఎత్తులు చూసే మూడుకాళ్ళ యంత్రం తెచ్చి, మేకుతో పనిలేకుండా, ఎత్తు ముందే తెలిసిన షెడ్డు పక్క సిమెంటు దిమ్మ నుంచి సూటిగా చూసి, రెండూ ఒకటే నేల అని తేల్చాడు.

"ఏదీ, మళ్ళీ కొలువు" అంది మేడమ్. అందరి ముందూ తాతగారు దారం బిగించి టేపు వదిలాడు. నూట నాలుగే వచ్చింది.

"బాబూ, ఈ టేపు ఏ తిరునాళ్ళలో కొన్నావు?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. దారం రెండో కొస పట్టుకుని నిలబడ్డ హడావిడి కూడా నవ్వింది. మేడమ్ అతని చేతిలోంచి టేపు లాక్కుని గట్టు మీద పడేసి, "రేపట్నుంచి పెంకులు కడుగు" అంది. ఆ టేపు తనే పట్టి ఒక్కసారి కొలిచినా ఆమెకూ నూట నాలుగే వచ్చేది. యంత్రం ఉండగా టేపు ఎవరికి కావాలి? మిగిలిన సెలవులన్నీ తాతగారు తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, పళ్ళుతోమే బ్రష్షుతో పెంకులు రుద్దాడు.

ఈ వేసవి, పక్కనే కొత్త గుంట తెరిచేముందు పాతమేకు సరిచూసుకోవాలని హడావిడి దిమ్మ దగ్గర యంత్రం నిలబెట్టింది. మేకు ఉండాల్సినదానికన్నా కిందికి ఉంది. ఎనిమిది సెంటీమీటర్లు. యంత్రం సరిగ్గా నిలవలేదనుకుని ఇంకోసారి చూసింది. ఎనిమిదే.

యంత్రం అక్కడే వదిలేసింది. వెళ్ళి పుస్తకం తీసి, వాడరాదన్న రెండువారాలూ తిరగేసింది. పడమటి సగంలో అవే పొరలకు అంతకుముందు రాసిన అంకెల పక్కన పెట్టి చూస్తే, ప్రతిచోటా ఎనిమిదే తక్కువ. కొలవడం రానివాడు ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా తప్పుతాడు. అన్నిచోట్లా ఖచ్చితంగా ఎనిమిదే తప్పేవాడు ఎక్కడా ఉండడు. ఆ సంగతి తెలియాలంటే పుస్తకం తెరవాలి. ఎవరూ తెరవలేదు. మనిషిని తనిఖీ చేశారు గానీ మేకును చెయ్యలేదు.

మేకు ఎప్పుడు దిగిందో కూడా తనకు తెలుసు. నిరుడు పడమటి నేల తేలిన మర్నాటి మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. తాతగారు పెంకుల సంచులు మోసుకుంటూ షెడ్డుకి పరిగెత్తాడు. తను టార్పాలిన్ ఈడ్చుకొస్తుంటే దారం కాలికి చుట్టుకుని మేకు పిప్పిపన్నులా ఊడొచ్చింది. అదే కంతలో గుచ్చి, రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేసింది. మళ్ళీ ఊడకుండా ఇంకో రెండు వేసింది. వాన వెలిశాక మేకు చుట్టూ బురద పేరుకుని ఉంది. తను ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అదొక చెప్పాల్సిన సంగతిలా తోచలేదు.

తోచిన తర్వాత కూడా నాలుగురోజులు చెప్పలేదు. పొద్దున లేస్తూనే ఇవాళ మేడమ్‌తో చెప్పాలనుకునేది. మేడమ్ కనిపించగానే సంచుల గురించో జల్లెడ గురించో మాట్లాడేది.

ఐదోరోజు పదిగంటలకు తాతగారి నాన్న వచ్చాడు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉన్నాడు. రేడియో ఆయన్ని గుంట దగ్గరికి తీసుకొచ్చి, జీవితంలో మొదటిసారి ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయాడు.

"మావాడు పనిచేసిన చోటు చూసి పోదామనమ్మా" అన్నాడాయన మేడమ్‌తో. "అడ్డమొస్తే చెప్పండి, దూరంగా నిలబడతాను."

"అయ్యో, అదేం మాట అన్నయ్యగారూ!" అని మేడమ్ కుర్చీ వేయించింది. ఆయన కూర్చోలేదు. గుంట అంచున నిలబడి నాలుగు గోడలూ చూశాడు.

"కత్తెర పట్టి కోసినట్టుందే! ఎవరు చెక్కారమ్మా?"

"మీవాడే, బాబాయ్‌గారూ. నేను చెక్కితే వంకరపోయేది" అంది హడావిడి.

"ఊఁ" అన్నాడు. చాలాసేపు ఆ గోడలే చూశాడు. "మీవాడు బంగారమండీ" అని మేడమ్ మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంగారమే. కానీ కొలత తప్పాడంట కదమ్మా. వాడే చెప్పాడు. తవ్వకాలయ్యాక ఇంటికొచ్చి, నాన్నా నా వల్ల అందరి పనీ పాడైంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో పుట్టి కొలత తప్పడమేంట్రా, నలుగురికి తెలిస్తే నాకు బట్ట ఇస్తారా అన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాననుకోండి. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు." భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఒక్కటి అడిగి పోదామని వచ్చాను. ఎంత తప్పాడు? పెద్ద తప్పేనా? బట్టలో అయితే నాలుగువేళ్ళు పోయినా అతుకు వేసుకోవచ్చు."

మేడమ్ కుర్చీని ఇంకాస్త ఆయన దగ్గరికి జరిపింది.

"అతను తప్పలేదు" అంది హడావిడి.

ఇద్దరూ తన వైపు తిరిగారు. చెప్పింది. మబ్బూ, టార్పాలినూ, రాయీ, ఆరు దెబ్బలూ, యంత్రంలో కనబడ్డ ఎనిమిదీ, అన్నీ గబగబా చెప్పేసింది.

మేడమ్ ముందు తేరుకుంది. "అంటే... వానకు నేల నాని, మేకు దానంతటదే దిగి ఉంటుంది లేవే. అది ఎవరి తప్పూ కాదు."

"వాన కాదు మేడమ్. నేనే దింపాను."

పుస్తకం అట్ట మీది ఎర్రసిరా మేడమ్‌ది. అది ఆమెకూ గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయింది.

దర్జీ అప్పుడు కూర్చున్నాడు. కుర్చీలో కాదు, గుంట గట్టు మీద.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులు" అన్నాడు. లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు కదిలాయి. "వాడికి తెలీకుండానే పోయింది కదా."

"నన్నేమైనా అనండి బాబాయ్‌గారూ."

"అనాలనే ఉందమ్మా. కానీ ఉన్న మాటలన్నీ నిరుడు వాణ్ణి అనేశాను." చేతుల మట్టి దులుపుకుని, "వాడు రాసిన పుస్తకం ఉందా?" అని అడిగాడు.

తెచ్చింది. ఆయన తీసుకోలేదు. "కళ్ళద్దాలు తేలేదు. నువ్వే చదువు. వాడు రాసింది రాసినట్టు చదివి, అసలెంతో అది కూడా చెప్పు."

గుంట గట్టు మీద పక్కన కూర్చుని మొదలుపెట్టింది. "తొంభై ఒకటి. ఎనిమిది కలిపితే తొంభై తొమ్మిది. నల్లపెంకు, మూతి విరిగింది."

"సరైనదేనా?"

"సరైనదే."

"తర్వాత?"

"తొంభై నాలుగున్నర. నూట రెండున్నర. పూస."

"అర కూడా రాశాడా?"

"అర లేకుండా ఒప్పుకునేవాడు కాదు. నేను తొంభై అయిదు వేసెయ్ అనేదాన్ని."

ఆయన మూతి ఒక పక్కకు కదిలింది, నవ్వు కాబోలు. హడావిడి చదువుతూ పోయింది. ఒక్కో అంకెకూ ఆయన తల ఊపుతున్నాడు. ఎండ వీపు మీదికొచ్చింది. పెద్దాయన వచ్చిన రోజు పేజీ వచ్చింది. నవ్విన రోజు. తను ఆ పేజీ ఇదివరకు తేడా కోసం చూసింది గానీ కింది వరుసలు చూడలేదు. అక్కడ ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"నూట నాలుగు" అని చదివింది. "దాని కింద... మళ్ళీ నూట నాలుగు. మళ్ళీ నూట నాలుగు. మళ్ళీ."

"అన్నిసార్లు ఎందుకు రాశాడు?"

"అందరం అన్నానికి వెళ్ళాక ఒక్కడే వచ్చి కొలిచినట్టున్నాడు. పక్కన టైము వేశాడు. ఒంటిగంటా పది. ఒంటిగంటా పాతిక. ఒంటిగంటా నలభై."

దర్జీ అరచెయ్యి చాచి గట్టు మీద మట్టిని నిదానంగా సర్దాడు, బల్ల మీద గుడ్డ ముడత తీస్తున్నట్టు.

"మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది" అన్నాడు. "అయినా తప్పు తనదే అని నాతో చెప్పాడు. చేత్తో కొలిచింది నమ్మకుండా మా నోళ్ళు నమ్మాడు పిచ్చివెధవ."

హడావిడికి అక్షరాలు అలుక్కుపోయాయి. పుస్తకం మూయబోయింది.

"మూయకు. ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

"అతను రాసింది ఇంతే బాబాయ్‌గారూ. మర్నాటి నుంచి తొట్టి దగ్గరికి పంపేశారు."

"అయితే మొదటికి రా. మేకు దిగకముందువి. అవి మామూలుగానే చదువు, ఏమీ కలపొద్దు."

తను మొదటి పేజీకి తిప్పి, కళ్ళు తుడుచుకుని, "పన్నెండున్నర" అని చదివింది. ఆయన తల ఊపాడు.