గేటించడం

మా మేడ మీది గదిలో అద్దెకుండే మానస హబ్సిగూడలో ఒక కాల్ సెంటర్లో పని చేసేది. నేను పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని. సెలవు రోజుల్లో పక్కన కూర్చుని నా చేత ఇంగ్లీషు పేపరు చదివించేది.

"ఇంగ్లీషుల ఇప్పుడు ఏ పేరునైనా పనిల పెడుతున్రు అమ్మమ్మా. టెక్స్ట్ అంటే రాత గద, మెసేజ్ పంపుడు గూడ టెక్స్టే. గూగుల్ కంపెనీ పేరు, ఎతుకుడు గూడ గూగులే."

"పేరు పేరుగా ఉండక దానికేం వచ్చిందే?"

"ఊకె కూసుంటే బోర్ కొట్టిందేమో."

ఆ రోజు నుంచి నాచారంలోని ఆ చిన్న ఇంట్లో వస్తువులన్నీ మెల్లగా కదిలేవి. పేపరు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తే తలుపు తలుపిస్తున్నట్టు, కిటికీ కిటికిస్తున్నట్టు ఉండేది. మానస అల్లరి సరేసరి. "ఇయ్యాల పెరుగన్నించకు, జర పప్పు పెట్టు" అనేది.

తనకి పూనా బదిలీ వచ్చింది. వెళ్ళే ముందు సాయంత్రం మెట్ల మీద కూర్చుని అడిగింది.

"రేపు నన్ను గేటిస్తవా అమ్మమ్మా?"

"అదేమిటే?"

"గేటు కాడ నిలవడి, ఆటో మలుపు తిరిగేదాక సూసుడు. నేను ఊరికి పోయినప్పుడల్లా బయటికి రాకుంట వంటింట్లకెళ్లే 'మంచిదమ్మా' అంటవ్ గద."

చెప్పక తప్పలేదు. మా ఆయన రామచంద్రరావును పొద్దుటి షిఫ్టుకు సాగనంపింది ఆ గేటు దగ్గరే. ఆయన నడిచి తిరిగి రాలేదు, మోసుకొచ్చారు. చెల్లెలు ఉదయశ్రీ మల్కాజిగిరిలో రైలెక్కడానికి బయల్దేరిందీ అక్కడి నుంచే. అదే ఆఖరిచూపు. నేను నిలబడి చూస్తే మనుషులు మళ్ళీ రారని నా భయం. అందుకే ఎవరు వెళ్తున్నా పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టుకుంటాను.

మానస నవ్వలేదు. "వద్దులే అమ్మమ్మా. నువ్వు పొయ్యి సూసుకో" అంది.

పొద్దున్నే ఆటో వచ్చింది. నేను పాలు పెట్టాను. బ్యాగులు మెట్లు దిగుతున్న చప్పుడు, తర్వాత "పోయొస్త అమ్మమ్మా" అన్న గొంతు వినిపించాయి. నా చెయ్యి స్టవ్ ఆర్పేసింది. కాళ్ళు ఎవరివో అన్నట్టు గేటు దాకా నడిచాయి.

మంచులో ఉప్పల్ వైపు వెళ్తున్న ఆటోలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, మలుపు దాకా ఊగుతూనే ఉంది. తర్వాత మంచు మాత్రమే మిగిలింది. నేను కదల్లేదు.

చేతిలో సెల్‌ఫోను చిన్నగా మోగింది. మానస మెసేజ్.

"ఇంక గేటించుడు సాలు. లోపలికి పో, పొయ్యి మీద ఏందో మాడుతుంటది."

కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో అక్షరమే వెతికి నొక్కాను.

"ఆర్పే వచ్చాను. ఇంకాసేపు గేటిస్తాను."