మొగుడి వంతు వచనం

సిమెంటు లారీలకు మూటలెత్తే దేవదానం ఇంట్లో, ఎర్రగుంట్లలో, ఇరవై రెండేళ్లుగా కీర్తన చదవకుండా పొయ్యి వెలిగించింది లేదు. చర్చిలో పాస్టరూ సంఘమూ వంతులేసుకుని చదివినట్టే, దేవదానం బైబిలు చూసి ఒక వచనం చదివితే, చదువురాని పెండ్లాం సువార్తమ్మ ఇంకో వచనం నోటికి చెప్పేది. దేవుణ్ణి నిలదీసే వచనాలన్నీ ఆయనవి, స్తుతించేవన్నీ ఆమెవి. ఆ పంపకం ఆయనదే.

"ఏడ్చే మాటలు నేను చెప్తాలే మే, నువ్వు దేవుణ్ణి పొగుడు" అనేవాడు.

కరువు మూడో ఏడు, ఎండలో మూట ఎత్తుతూనే కూలిపోయాడు. మట్టి చేసిన మర్నాడు పాస్టరు ఆదరించడానికి వచ్చాడు. అదే బైబిలు తెరిచి, మొరపెట్టే వచనం అందుకున్నాడు.

"ఆగయ్యా! అది ఆయన వచనం. ఇంకొకరి నోట వినలేను. నేనే చెప్తా."

ఇన్నేళ్లూ విన్నదే గాని ఎన్నడూ అనని మాట. ఒక్క అక్షరం తప్పకుండా, దేవుడు గుమ్మంలో నిలబడి ఉన్నట్టే అడిగేసింది.

ఆ ఇంటి పంపకం తెలిసిన పాస్టరు తలవంచుకుని, ఆమె వంతు స్తుతి వచనం కోసం కాచుకున్నాడు.

"ఇప్పుడు నీ వంతు గదమ్మా?"

"అది మీరు చెప్పండయ్యా. నాకు నోరు రాలా."